మాట విన్న బండి

నేనేం ముట్టుకోలేదు తమ్ముడూ. ఎన్నిసార్లు అడుగుతావు అదే మాట? వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట, ఏమైనా నొక్కారా అక్కా, ఏమైనా నొక్కారా అక్కా అని. బండికి ఛార్జింగు తీగ తగిలించాను, ఓసారి లోపలికెక్కి దిగాను, అంతే. దానంతటదే వెనక తొట్టి మీది మూత మూసుకుంది, తలుపులు బిగించుకుంది, దీపాలు ఆర్పుకుంది. అప్పట్నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నువ్వు నీ లాప్‌టాప్ చూసుకో. నీ చెయ్యి ఆగకూడదు. నేనిలా మాట్లాడుతూనే ఉంటాను, ఏమీ అనుకోకు. నోరు మూస్తే నాకు ఆ మూత కింది చప్పుడు వినపడుతుంది. అది వింటూ చేతులు కట్టుకుని నిలబడటం నా వల్ల కాదు.

నీకు వినపడుతోందా? కొంచెం వంగు. ఇదిగో ఇక్కడ, వెనక తలుపు సందు దగ్గర చెవి పెట్టు. నీళ్ళు మరుగుతున్నట్టు లేదూ? తెలియనివాళ్ళు కోపం అనుకుంటారు. అవి విసురుకుంటున్నాయి తమ్ముడూ. లోపల వేడెక్కితే ఈగలన్నీ వరసగా నిలబడి రెక్కలతో గాలి విసురుతాయి. లోపలి వేడిని బయటికి తోస్తాయి. తోయడానికి బయటంటూ ఉండాలిగా? పెట్టె బయటంతా మీ కంపెనీ మూతే.

అవును, తేనెటీగలు. చెప్పలేదా మీ ఆఫీసువాళ్ళు నీకు? నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బండి వెనక తేనెపెట్టెలున్నాయమ్మా, పెట్టె పెట్టెకీ నిండా ప్రాణాలున్నాయి, ఎండెక్కకముందే మనిషిని పంపండి అని. ఆ అమ్మాయి ఏమందో తెలుసా? మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది. అసౌకర్యమట. కాలికి చెప్పు కరిచినట్టు మాట్లాడింది.

ఎండ చూడు, అప్పుడే ఆ కాఫీ మిషను దాకా వచ్చేసింది. ఈ ఛార్జింగు స్థలం కట్టినవాడెవడోగాని, ఇంత పెద్ద స్థలంలో ఒక్క రేకు నీడ వేయించలేదు. ఉన్న యంత్రాల్లో ఒకదానికి అడ్డంగా టేపు చుట్టారు. ఇంకోటి కార్డు మింగి కూర్చుంది. ఇదొక్కటి పనిచేసింది. పనిచేసి ఇదిగో, తీగని పట్టుకుని వదలడం లేదు. తీగ ఊడొస్తే కనీసం ఆ గోడ నీడలోకైనా లాక్కుపోయేవాళ్ళం కదా? అదీ లేదు. కట్టేసిన గేదెలా ఎండలో నిలబెట్టింది.

మా పని ఎట్లా ఉంటుందో నీకు తెలియదు, చెప్తాను. చీకటి పోకముందే, ఈగలన్నీ ఇంట్లో ఉన్నప్పుడే, పెట్టెల గుమ్మాలకి సన్నజాలీ బిగిస్తాం. దాన్ని మేం నిద్రపుచ్చడం అంటాం. పెట్టెలన్నీ నిద్రపుచ్చావా అని అడుగుతాడు మా ఆయన రోజూ. నిద్రపుచ్చి, బండెక్కించి, ఎండ ముదరకముందే పూత ఉన్న చేలో దించి జాలీ తీసెయ్యాలి. ఇవాళ పొద్దుతిరుగుడు చేను. ఈపాటికి దించేసి, చేను గట్టు మీద కూర్చుని టీ తాగుతూ ఉండాల్సిన దాన్ని.

మూత ఎప్పుడూ తీసే నడుపుతాను తమ్ముడూ. పైన వల ఒక్కటే కడతాను, గాలాడాలని. మూత మూసి ఈగల్ని తీసుకెళ్ళేంత తెలివితక్కువదాన్ని కాను నేను.

పగలగొట్టలేదా అంటావా? అదిగో, ఆ గీతలు చూడు. పెట్టెలో తేనెపట్లు లేపే ఇనపపట్టీ పెట్టి పెళ్ళగించబోయాను. పట్టీయే వంగిపోయింది. దొంగలు తల్లకిందులుగా తపస్సు చేసినా తెరవలేరని ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నారుగా. నిజమే చెప్పారు. మీ కంపెనీ చెప్పినవాటిలో అదొక్కటే నిజం.

నీమీద కోపం లేదు. నువ్వేం చేస్తావు, జీతగాడివి. కానీ ఈ బండి పెట్టిన బాధలు నువ్వు కాకపోతే ఎవరు వింటారు?

ఆ తలుపు పిడులు చూడు. ఎంత నాజూకు. తలుపులోకి ముడుచుకుని కూర్చుంటాయి, అందం కోసం. బండి వాటిని బయటికి నెట్టాలి, అప్పుడు మనం పట్టుకోవాలి. ఒకరోజు జోరున వాన. చేతిలో ఈగలకి పొగ పెట్టే డబ్బా, నెత్తిన తడిబట్ట. పిడి బయటికి రాదే. నేను బండిని బతిమాలుతున్నాను, తలుపు తీయవే తల్లీ అని. పక్కన పోయే ఆయన గొడుగు కింద నుంచి నన్నొక చూపు చూశాడు. ఇంట్లోంచి మొగుడు గెంటేశాడనుకున్నాడేమో.

ఆ మూత సంగతా? కొన్న నెలకే సగం దాకా వచ్చి ఆగిపోవడం మొదలుపెట్టింది. మీవాళ్ళు వచ్చి దుమ్మన్నారు. దుమ్ము లేని రోడ్డు మీద నడపడానికి ఇంత పెద్ద బండెందుకు, మీరే చెప్పండి అన్నాను. తర్వాత సాఫ్ట్‌వేర్ అన్నారు. దానికేదో కొత్తది ఎక్కించారు. మూత బాగైంది, అద్దాలు చెడ్డాయి. అద్దాలు బాగుచేస్తే హారను పోయింది. ఒకచోట అతుకేస్తే ఇంకోచోట చిరిగినట్టు.

ఇక ఆ చిన్న బ్యాటరీ. ఇల్లంత బ్యాటరీ పొట్టలో పెట్టుకుని, గోరంత బ్యాటరీ చచ్చిందని బండి మొత్తం పడుకుంటుందా? ఈ ఏడాది ఎన్ని మార్చారో లెక్క లేదు. ఇవాళ కూడా అదేనని నువ్వనుకుంటున్నావు. అదేలే, అదే అయ్యుంటుంది. కొత్తది తెచ్చానన్నావుగా, పెట్టు, పెట్టు.

నీకో సంగతి చెబితే నవ్వుతావు. ఒకసారి పెద్దరోడ్డు మీద పోతున్నా. బండి ఉన్నపళంగా ఆగిపోయింది. పెట్టెలన్నీ ముందుకొచ్చి క్యాబిన్‌కి కొట్టుకున్నాయి. తెర మీద ఎర్రగా, ఎదురుగా అడ్డం ఉంది అని. ఎదురుగా ఖాళీ రోడ్డు. దిగి చూస్తే ఏముంది? కెమెరా అద్దం మీద మా ఈగ ఒకటి నింపాదిగా నడుస్తోంది. దాన్ని చూసి ఏనుగనుకుంది కాబోలు మీ బండి. ఇంత బలం పెట్టుకుని ఈగకి భయపడింది.

బలం అంటే గుర్తొచ్చింది. కాలు ఇలా ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. పందెపు కార్లని దాటిపోతుందట. నాకెందుకయ్యా ఆ పరుగు? వెనక మైనపు పట్లున్నాయి, కుదిపితే ఊడిపోతాయి. బొటనవేలి కొసతో నడుపుతాను నేను దీన్ని. అయినా టైర్లు అరిగిపోతూనే ఉన్నాయి. దీని బరువుకే అరుగుతాయట, మెల్లగా నడిపినా అంతేనట.

మరి ఎందుకు కొన్నారు అంటావు. అందరూ అదే అంటారు.

ఆగు, ఫోను. మా ఆయనే. కాసేపు ఆ చప్పుడు చెయ్యకు.

ఆ, ఏమండీ... దార్లోనే ఉన్నా. వెళ్ళిపోతున్నా... లేదు, ఎండేమంత లేదు, మబ్బుగా ఉంది ఇటు... ఇప్పుడెలా పెడతానండీ, నడుపుతుంటే? దిగాక వినిపిస్తాలెండి... తిన్నా. మీరు మాత్రలేసుకున్నారా?... వద్దు. మీరు రావద్దు. ఏం అవసరం లేదని చెప్తున్నాగా... సరే, ఉంటా.

చూశావుగా. మబ్బట. నోరు తెరిస్తే అబద్ధం నాకు ఇవాళ.

ఈ బండి కొన్నది ఆయనే, నా కోసం. పెళ్ళికి ముందు నుంచీ ఆయనది ఇదే పని. ఒళ్ళంతా కుట్టించుకుని, వాచిన మొహంతో పెళ్ళిపీటల మీద కూర్చున్న మనిషి. అలాంటి మనిషికి, కిందటేడు ఒక మధ్యాహ్నం, మెడ మీద ఒక్కటంటే ఒక్కటి కుట్టింది. గొంతు వాచిపోయింది. గోడ పట్టుకుని అలా జారిపోయాడు నా కళ్ళ ముందే. డాక్టరు చెప్పాడు, ఇన్నేళ్ళు ఓర్చుకున్న ఒళ్ళు ఎదురు తిరిగిందమ్మా, ఒక్కోసారి అవుతుంది అలా, ఇంకొకటి కుడితే నేను చెయ్యగలిగిందేమీ ఉండకపోవచ్చు అని. ఆయన వినలేదు ఆ మాట. నేను విన్నాను.

పెట్టెలు అమ్మేద్దామన్నాను. అమ్మేసి నేనేం వినాలి అన్నాడు.

అప్పుడే ఈ బండి సంగతి ఎక్కడో చదివాడు. చప్పుడు లేదు, వణుకు లేదు. పాత డీజిలు బండిలో అయితే దించేసరికి ఈగలు అగ్గి మీద గుగ్గిలంలా ఉండేవి. దీంట్లో నిద్రలో ఉన్నట్టే చేరతాయి. పైగా ఇది మోకాళ్ళు వంచుతుంది, చూశావుగా, వెనకభాగం కిందికి దిగుతుంది. నువ్వొక్కదానివే పెట్టెలు ఎక్కించుకోవచ్చు, నేను లేకపోయినా ఫరవాలేదు అన్నాడు. నేను లేకపోయినా అని ఎలా అన్నాడో తెలుసా? కూర కొంచెం ఉప్పయినా ఫరవాలేదు అన్నట్టు అన్నాడు.

పేరు కూడా ఆయనే పెట్టాడు, మౌనస్వామి అని. మౌనస్వామి లేచాడా, మౌనస్వామికి ఆకలేస్తోందా అని అడుగుతాడు. ఇన్ని తిప్పలు పెట్టినా దీన్ని ఒక్క మాట అననివ్వడు. అది నీకు నా బదులు తోడొచ్చింది, దాన్ని తిట్టకు అంటాడు.

పెట్టె దగ్గరికి ఆయన వెళ్ళకూడదు కదా. అందుకని రోజూ పొద్దున్నే ఫోను పెట్టెకి ఆనించి పెడతాను. ఆయన ఇంట్లో కూర్చుని వింటాడు. విని చెప్పేస్తాడు. దీంట్లో రాణి ముసలిదైంది, దీనికి ఇల్లు ఇరుకైంది, అది బాగుంది, దాన్ని కదిలించకు. నేను తెరిచి చూస్తే అంతే ఉంటుంది. ఇప్పుడు అడిగింది అదే. ఫోను పెట్టు, అత్తగారి మాట వింటాను అన్నాడు.

అత్తగారంటే మనిషి కాదులే. ఒక పెట్టె. అన్నిట్లోకీ గయ్యాళి పెట్టె, అన్నిట్లోకీ ఎక్కువ తేనె కూడా దానిదే. ఆయన మెడ మీద కుట్టింది కూడా దాంట్లోదే. అయినా ముందు దాని గొంతే వినాలి ఆయనకి. ఆవిడ తిట్టందే నాకు తెల్లారదు అంటాడు. అదిగో, క్యాబిన్‌కి ఆనించి ముందు వరసలో ఉంది. ఆ మూలే ఎండ ఎక్కువ పడుతోంది.

ఏమైంది? పెట్టావా కొత్త బ్యాటరీ? మరి వెలగదేం?

మళ్ళీ చూడు. వైరు సరిగా బిగించావా? బిగించానంటావు. మరి తెర ఎందుకు వెలగదు? లాప్‌టాప్‌కి ఎందుకు దొరకదు? అంటే ఏంటి, బ్యాటరీ కాదా?

నా వైపు అలా చూడకు. నేనేం ముట్టుకోలేదని చెప్పానా?

ఉండు, నీళ్ళు తెస్తా. ఆ కార్లు కడిగే చోట బకెట్టు ఉంది. ఈ దుప్పటి తడిపి మూత మీద పరుస్తా మళ్ళీ. ఇందాక పరిచింది అప్పుడే అప్పడంలా ఎండిపోయింది. ఇటు పట్టుకో కొస. నీ చెయ్యి తడిసిందా, ఏం కాదులే. లాగు. క్యాబిన్ వైపుకి లాగు, అత్తగారి మీదికి.

నేనెందుకు చిరాకు పడుతున్నానో నీకు తెలియదు. ఆ పిడుల గొడవప్పుడు మీ కంపెనీ నుంచి నీకు ముందు ఒకతను వచ్చాడు. నున్నగా దువ్వుకున్నాడు, మాట కూడా నున్నగానే ఉంది. పిడి నేను బలంగా లాగానట. కాగితం మీద, వాడేవారి పొరపాటు అని రాసి నా చేతే సంతకం పెట్టించుకున్నాడు. బయటికి రాని పిడిని ఎలా లాగుతానయ్యా అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా ఒంటి మీద దురదలా ఉంది. అప్పట్నుంచీ మూత ఆగినా, అద్దం ఆగినా ఒకటే మాట, అక్కా మీరేదో నొక్కి ఉంటారు. ఆడమనిషి, అందులోనూ ఈగలు పెంచుకునేది, ఏదో నొక్కే ఉంటుంది.

మా ఆయన కూడా నవ్వాడు. నీ హస్తవాసి ఈగలకే గాని బండ్లకి పనికిరాదులే అన్నాడు. సరదాకే అన్నాడు. నా చేతుల మీద ఈగలు కుట్టవు తమ్ముడూ. ముసుగూ వద్దు, చేతితొడుగులూ వద్దు. ఆయన్నే కుడతాయి, నన్ను కుట్టవు. ఊళ్ళో అందరూ అదే అంటారు, ఆవిడ హస్తవాసి అలాంటిది అని. ఆ ఒక్క పేరే ఉంది నాకు. దాన్ని ఈ బండి మీద పెట్టి నవ్వులపాలు చేసుకోకూడదని, ఆ రోజే అనుకున్నాను. ఇక చచ్చినా నొక్కానని ఎవరికీ చెప్పను అని.

చప్పుడు తగ్గింది.

తగ్గింది కదా? నువ్వు విను. ఇందాక అంత హోరుగా ఉందా, ఇప్పుడేంటి? నీళ్ళు పోశాంగా, చల్లబడి ఉంటుంది. చల్లబడితే విసరడం ఆపేస్తాయి. అంతే అయ్యుంటుంది. అంతే కదూ?

అదేంటి కింద కారుతోంది?

నేను పోసిన నీళ్ళే. దుప్పటి నీళ్ళే కారుతున్నాయి. కాదూ? నీళ్ళయితే టపటపా రాలాలి. ఇది దారంలా సాగుతోంది. బండి కింద నీళ్ళు పోయే కన్నంలోంచి. నువ్వు ముట్టుకోకు, ఉండు. నేను చూస్తా.

తేనె.

తేనె తమ్ముడూ. వెచ్చగా ఉంది. అంటే మైనం కరిగిపోయింది. పట్టు కూలింది. ఏ పెట్టెలోనో పట్టు కూలి తేనె మొత్తం వాటి మీద పడింది. రెక్కలు తడిస్తే ఇక విసరలేవు. ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్నదాంట్లోనే మునిగిపోతున్నాయి అవి.

ఆ లాప్‌టాప్ మూసెయ్యి. ఇటు చూడు. నేను నొక్కాను.

నేనే నొక్కాను. తెర మీద చంద్రవంక బొమ్మ ఉంటుంది చూడు, కింద గాఢ నిద్ర అని. అది. ఛార్జింగు పెట్టగానే బండి ముందు ఫ్యాన్లు హోరుమని తిరగడం మొదలుపెట్టాయి. దారంతా నోరెత్తనిది ఛార్జింగప్పుడు మాత్రం విమానంలా అరుస్తుంది కదా. బండంతా సన్నగా అదురుతోంది. వెనక ఈగలు కలవరపడ్డాయి. అత్తగారు గొంతు పెంచింది. ఎలా ఆపాలా అని వెతికితే ఆ చంద్రవంక కనపడింది. నిద్ర అని ఉంది. మా ఇంట్లో నిద్రపుచ్చడమంటే మంచి పని తమ్ముడూ. చల్లగా, మెల్లగా, వాటి మేలు కోరి చేసే పని. బండి కాసేపు పడుకుంటే ఈగలు కూడా పడుకుంటాయి కదా అనుకున్నాను.

అవును, నొక్కగానే ఏదో అడిగింది. నిజంగానా అన్నట్టు. పెద్ద పెద్ద అక్షరాల కింద చిన్న చిన్న అక్షరాలు. నేను చదవలేదు. సరే అని నొక్కేసి దిగాను. దిగి అటు తిరిగేసరికి మూత మూసుకుంటోంది. పరిగెత్తాను. చెయ్యి అడ్డం పెట్టాను. ఇదిగో, గోరు చూడు.

ఓడల్లో బండ్లు పంపేటప్పుడు వాడేదా అది? నెలల తరబడి పడుకోవడానికా?

ముందే చెబితే లేపేసేవాడివా? ఎంతసేపట్లో? అంత తొందరగానా.

తిట్టవేం తమ్ముడూ? తిట్టు. నువ్వు వచ్చీ రాగానే అడిగావు. ఎన్నిసార్లడిగావు. నేను ఆ నున్నగా దువ్వుకున్నవాడి మొహం చూశాను నీ మొహంలో. నొక్కలేదు అనేది నోటికొచ్చేసింది. ఒకసారి అన్నాక రెండోసారి అనడం సులువైపోయింది. ఎలాగూ బ్యాటరీయే అయ్యుంటుంది, ఎప్పుడూ అదేగా, నేను నొక్కినదానికీ దీనికీ సంబంధం లేదేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. లోపల అవి విసురుకుంటుంటే నేనిక్కడ నిలబడి నీకు పిడుల కథలు చెప్పాను.

చెయ్యి, ఆఫీసుకి ఫోను చెయ్యి. ఆ చింతిస్తున్నాం అమ్మాయికైనా సరే.

ఏమంటున్నారు? నా ఫోనుకా? యాప్‌లోనా? వచ్చింది, వచ్చింది. గాఢ నిద్ర నుంచి లేపాలా అని అడుగుతోంది. అవును నొక్కుతున్నా. తీసుకోవడం లేదు. నొక్కుతున్నానయ్యా. తేనె, వేళ్ళకి తేనె అంటుకుంది. తుడుస్తున్నా. తీసుకోవడం లేదు, నువ్వు నొక్కు. ఇదిగో, నువ్వు నొక్కు. నా చెయ్యి పనికిరాదు.

వెలిగింది.

చూడు, పాట పాడుతోంది. తెర మీద ఏమని రాసింది చూడు, శుభోదయం అట. మూత, ముందు మూత. తెరుచుకో తల్లీ, తెరుచుకో. ఆగకు, సగంలో ఆగకు, నీకు దణ్ణం పెడతాను. లాగు తమ్ముడూ, నువ్వు అటు నుంచి లాగు.

అబ్బా, ఏం సెగ. పొయ్యి మూత తీసినట్టుంది.

నువ్వు దూరంగా జరుగు. నీకు ముసుగు లేదు. కాఫీ మిషను వెనక్కి పో. నేను జాలీలు తీసేస్తా. ఎటు పోతాయో పోనీ, చేను దొరక్కపోయినా ఫరవాలేదు, గాలి తగిలితే చాలు. ఇది పలుకుతోంది. వెనక వరసలో ఇది పలుకుతోంది తమ్ముడూ. దీని పక్కది కూడా సన్నగా, కానీ పలుకుతోంది. వస్తున్నాయి, చూడు, బయటికి పాక్కుంటూ వస్తున్నాయి. తడిసి నల్లగా అయిపోయాయి.

నడిమి వరస... ఇది లేదు. ఇదీ లేదు. ఉండు, ఆ ఫ్యాన్లు ఆపు ఒక్క క్షణం, వినపడటం లేదు. ఆపేశావా? ఆగే ఉన్నాయా?

లేదు.

బతికినవన్నీ నా చేతుల మీదికే ఎక్కుతున్నాయి. చూశావా, ఒక్కటీ కుట్టడం లేదు. కుడితే బాగుండును.

ముందు వరస చూడాలి. చూడాలంటావా? జాలీకి లోపలి వైపంతా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆగిపోయాయి, గాలి కోసం. అత్తగారూ. అత్తగారూ, నేనే. ఇలా పెట్టె మీద తట్టగానే గయ్యిమనేది ఆవిడ. ఇంకోసారి తడతా ఉండు.

ఏంటి తమ్ముడూ, ఏమంటున్నావు? కాగితం మీద బండిదే లోపమని రాస్తావా?

మంచివాడివి నువ్వు. నీకు ముందే చెప్పాల్సింది నేను. రాస్తే ఎవరూ అడగరు, నిజమే. బ్యాటరీ పోయిందంటే మా ఆయన ఇట్టే నమ్ముతాడు. పిడులు, అద్దాలు, మూత, ఇన్ని పోయాయి, ఇదొకటి. ఆయన మౌనస్వామిని మొదటిసారి తిడతాడేమో. నన్ను మాత్రం ఏమీ అనడు. భోంచేశావా అని అడుగుతాడు.

అదిగో, ఆయనే. మోగనీ.

దిగాక వినిపిస్తానన్నానుగా, అందుకు చేస్తున్నాడు. ఎత్తకపోతే బయల్దేరి వచ్చేస్తాడు తమ్ముడూ, ఇంట్లో ఉండలేడు. ఈ పారాడే ఈగల మధ్యకి వచ్చి నిలబడతాడు. ఎత్తాలి. ఎత్తి ఏ పెట్టె దగ్గర పెట్టాలి ఫోను? వెనక వరసలో ఆ పలికేదానికి ఆనిస్తే సరిపోతుంది. ఆయనకి తెలుస్తుందా, అది అత్తగారి గొంతు కాదని? తెలుస్తుంది. తెలిసినా తెలియనట్టు ఊరుకుంటాడేమో నా కోసం.

ఆ, ఏమండీ... లేదండీ, చేరలేదు. ఆగాం... ముందు మీరు అక్కడే కూర్చోండి. చెప్పులు వేసుకోవద్దు, కూర్చోండి... ఆ, పెడుతున్నా. ముందు అత్తగారి దగ్గరే పెడుతున్నా. వినండి.

...

వినపడలేదా?

లేదండీ, ఫోను బాగానే ఉంది. పెట్టెకి ఆనించే పెట్టాను... కాదు, అది కూడా కాదు. బండి కూడా బాగానే ఉందండీ. ఇన్నాళ్ళూ ఎవరి మాటా వినని బండి, ఇవాళ నా మాట విన్నది. నేనే నిద్రపుచ్చాను.